పరమాణువుల వెలుగును గీతలుగా చూపించే స్పెక్ట్రోస్కోప్ కిట్: ఒక సమీక్ష

పరమాణువులో ఎలక్ట్రాన్లు కొన్ని నిర్దిష్టమైన శక్తి స్థాయిలలో మాత్రమే ఉండగలవనీ, పై స్థాయి నుంచి కింది స్థాయికి దిగినప్పుడు ఆ రెండింటి మధ్య తేడాకు సరిగ్గా సమానమైన శక్తిని కాంతిగా వెలువరిస్తాయనీ అందరం చదువుకుంటాం. అయితే చదివిన ఈ సంగతిని స్వయంగా చూసే అవకాశం చాలామందికి పరీక్షలన్నీ అయిపోయాక కూడా దొరకదు. ఆ లోటు తీర్చడానికే తయారైన ఒక కిట్‌ను కొంతకాలంగా వాడుతున్నాను. ఇదే అమరికతో వేర్వేరు తయారీదారుల కిట్లు దొరుకుతున్నాయి కాబట్టి ఇక్కడ రాసిన మంచిచెడ్డలు చాలావరకు వాటికీ వర్తిస్తాయి. పెట్టెలో కాంతిని దానిలోని రంగులుగా విడదీసి చూపే, చేతిలో పట్టుకుని చూసే ఒక చిన్న స్పెక్ట్రోస్కోప్, హైడ్రోజన్, హీలియం, నియాన్, పాదరసం నింపిన నాలుగు ఉత్సర్గ నాళికలు (విద్యుత్తు పంపితే లోపలి వాయువు వెలిగే గాజు గొట్టాలు), వాటిని నిలబెట్టి వెలిగించే అధిక వోల్టేజి స్టాండు, చీకట్లో మెరిసే ఒక రేకు, దానితోపాటు ఎరుపు, ఆకుపచ్చ, ఊదా రంగుల చిన్న ఎల్ఈడీ దీపాలు, ఒక సూచనల పుస్తకం ఉంటాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎలక్ట్రాన్లు శక్తిని వదిలే తీరును, అంటే ఉద్గారాన్ని, ఈ కిట్ చాలా గొప్పగా చూపిస్తుంది. అవి శక్తిని గ్రహించే తీరును, అంటే శోషణను, అరకొరగా చూపిస్తుంది, పైగా ఆ భాగంలో సూచనల పుస్తకం పొరపాటు మాటలు చెబుతుంది. పరికరాలు కొనదగినవే, పుస్తకం మాత్రం నమ్మదగినది కాదు.

మొదట హైడ్రోజన్ నాళిక గురించి చెప్పాలి, ఎందుకంటే కిట్ విలువలో సగం దానిలోనే ఉంది. రెండు చివరలా లావుగా, మధ్యలో సన్నని గొట్టంలా ఉండే ఈ గాజు నాళికను స్టాండులో అమర్చి మీట నొక్కితే మధ్య భాగం గులాబీ రంగుకు దగ్గరగా ఉండే ఎరుపుతో వెలుగుతుంది. మామూలు కంటికి అది ఒకే రంగు. గది చీకటి చేసి, స్పెక్ట్రోస్కోపు చీలికను ఆ సన్నని భాగానికి ఎదురుగా పెట్టి లోపలికి చూస్తే, నల్లని నేపథ్యం మీద ఒక వైపు ఒంటరిగా నిలిచిన ఎర్రని గీత, దానికి బాగా దూరంగా నీలి ఆకుపచ్చ గీత, మరికొంత పక్కగా నీలి ఊదా గీత కనిపిస్తాయి. నాలుగోది, కంటికి కనిపించే మేర చివర్లో ఉండే ఊదా గీత, కళ్లు చీకటికి బాగా అలవాటు పడ్డాకే తెలుస్తుంది. వాటి తరంగదైర్ఘ్యాలు వరుసగా 656.3, 486.1, 434.0, 410.2 నానోమీటర్లు (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు). గీతల మధ్య ఖాళీల్లో పలచని వెలుగు పొర ఒకటి కనిపిస్తుంది. అది నాళికలో ఇంకా పరమాణువులుగా విడిపోని హైడ్రోజన్ అణువుల వెలుగు. పుస్తకం దీని ఊసే ఎత్తలేదు కనుక, మొదటిసారి చూసేవారు పరికరంలో లోపం ఉందని అనుకునే ప్రమాదం ఉంది.

ఈ నాలుగు గీతలను లెక్కతో సరిచూసుకోవడం ఈ కిట్ ఇచ్చే అన్నిటికంటే పెద్ద సంతోషం. హైడ్రోజన్ పరమాణువులో మొదటి స్థాయి శక్తి మైనస్ 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల శక్తిని కొలిచే చిన్న ప్రమాణం ఇది). మిగతా స్థాయిల శక్తి కావాలంటే ఈ సంఖ్యను స్థాయి సంఖ్య వర్గంతో భాగిస్తే చాలు. అలా రెండో స్థాయి మైనస్ 3.40, మూడోది మైనస్ 1.51, నాలుగోది మైనస్ 0.85, ఐదోది మైనస్ 0.54 అవుతాయి. మూడో స్థాయి నుంచి రెండో స్థాయికి దిగే ఎలక్ట్రాన్ 1.89 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల ఫోటాన్‌ను, అంటే కాంతి కణాన్ని, వదలాలి. 1240ని ఆ శక్తితో భాగిస్తే తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వస్తుంది. ఇక్కడ వచ్చేది సుమారు 656, అంటే ఎర్రని గీత. నాలుగు నుంచి రెండుకు 2.55 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 486 నానోమీటర్ల నీలి ఆకుపచ్చ గీత. ఐదు నుంచి రెండుకు 2.86 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 434 నానోమీటర్ల దగ్గరి గీత. కాగితం మీద భాగహారం చేసి వచ్చిన సంఖ్య, కంటి ముందు వెలుగుతున్న గీత పక్కనున్న స్కేలు మీద దొరికినప్పుడు కలిగే నమ్మకం ఏ బొమ్మా, ఏ వీడియో ఇవ్వలేనిది. 1885లో స్విట్జర్లాండుకు చెందిన ఉపాధ్యాయుడు బామర్ ఈ నాలుగు గీతల తరంగదైర్ఘ్యాలను మాత్రమే ముందు పెట్టుకుని, వాటన్నిటినీ కలిపే సూత్రాన్ని రాశాడు. ఆ సూత్రం ఎందుకు పనిచేస్తుందో చెప్పడానికి 1913లో నీల్స్ బోర్ రావలసి వచ్చింది. ఆ 28 ఏళ్ల పాటు శాస్త్రవేత్తలను వేధించిన ప్రశ్న, నాళిక మీట నొక్కగానే మన ముందుకు వస్తుంది.

కనిపించే గీతలన్నీ రెండో స్థాయికి దిగేవే ఎందుకన్నది చూసేవారికి సహజంగానే వచ్చే సందేహం. పుస్తకం దాన్ని పట్టించుకోలేదు. జవాబు కష్టమైనదేమీ కాదు. రెండో స్థాయి నుంచి మొదటి స్థాయికి దిగే ఎలక్ట్రాన్ వదిలే శక్తి 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 121.6 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం. దాన్ని కన్ను చూడలేదు, నాళిక గాజు కూడా బయటికి పోనివ్వదు. మూడో స్థాయికి దిగే ఎలక్ట్రాన్లు పరారుణ కిరణాలను వదులుతాయి, అవీ కంటికి అందవు. నాళికలో ఈ పనులన్నీ ఒకేసారి జరుగుతూనే ఉంటాయి, మన కంటికి దక్కే వాటా మాత్రం రెండో స్థాయికి చేరేవి. రెండు వాక్యాలలో చెప్పగలిగిన ఈ విషయాన్ని వదిలేసి, దానికి బదులు రంగుల బొమ్మలతో పేజీ నింపడం నాకు నచ్చలేదు.

స్పెక్ట్రోస్కోపు నిర్మాణం చూడటానికి సాదాసీదాగా ఉన్నా పనితనం బాగుంది. ఒక చివర చీలిక, మరో చివర కాంతిని రంగులుగా విడదీసే, మిల్లీమీటరుకు 500 సన్నని గీతలు గల గ్రేటింగ్ అనే పలక, లోపల నానోమీటర్లలో అంకెలు వేసిన స్కేలు ఉన్నాయి. గ్రేటింగ్ గీతల మధ్య దూరం 2,000 నానోమీటర్లు కాబట్టి ఎర్రని హైడ్రోజన్ గీత సుమారు 19 డిగ్రీల కోణంలోకి, 434 నానోమీటర్ల గీత సుమారు 12.5 డిగ్రీల కోణంలోకి వంగుతాయి. ఈ ఎడం వల్లే గీతలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా నిలుస్తాయి. స్కేలు మాత్రం కొంచెం పక్కకు జరిగి అతికించి ఉంది. పాదరసం నాళికలోని ఆకుపచ్చ గీత 546.1 నానోమీటర్ల వద్ద ఉంటుందని ఖచ్చితంగా తెలుసు కాబట్టి, ముందు దాన్ని చూసి, స్కేలు ఎంత తేడా చూపిస్తోందో రాసుకుని, ఆ తేడాను మిగతా కొలతల నుంచి తీసేయడం మంచి పద్ధతి. ఈ సరిదిద్దే పద్ధతి పుస్తకం మొదటి పేజీలో ఉండాల్సింది, ఎక్కడా లేదు. చీలిక వెడల్పును మార్చుకునే వీలు లేకపోవడం ఇంకో లోపం. పాదరసంలో 577.0, 579.1 నానోమీటర్ల దగ్గర ఉండే రెండు పసుపు గీతలు ఇందులో ఒకటిగానే కనిపిస్తాయి.

హీలియం నాళిక చూడముచ్చటగా ఉంటుంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం గీతలు విడివిడిగా, దాదాపు ఎడం ఎడంగా నిలుస్తాయి. వాటిలో అన్నిటికంటే ప్రకాశవంతమైన 587.6 నానోమీటర్ల పసుపు గీతకు గొప్ప చరిత్ర ఉంది. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించాడు. సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో ఆ ఏడాది బయటపడిన ఈ పసుపు గీత సోడియం గీతల పక్కనే ఉన్నా సోడియానిది కాదని తేలింది. దాన్ని వెదజల్లే మూలకాన్ని భూమి మీద విలియం రామ్సే వేరుచేసింది 1895లో. నియాన్ నాళికలో ఎరుపు, నారింజ వైపు గీతలు గుంపుగా ఉంటాయి. కంటికి నదరుగా ఉన్నా, లెక్క కట్టడానికి పనికిరావు, ఎందుకంటే ఒకటి కంటే ఎక్కువ ఎలక్ట్రాన్లున్న పరమాణువుల స్థాయిలను హైడ్రోజన్ సూత్రం చెప్పలేదు.

స్టాండు గురించి ఒక హెచ్చరిక తప్పనిసరి. నాళికల చివరలకు సుమారు 5,000 వోల్టులు అందుతాయి. నాళికను తీసినప్పుడు విద్యుత్తు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఈ స్టాండులో లేదు. పిల్లల చేతికి ఇచ్చే వస్తువులో ఇది క్షమించరాని లోపం. నాళిక మార్చే ప్రతిసారీ మీట ఆపడమే కాక, ప్లగ్గు కూడా తీసేయాలి, గాజు చల్లబడేదాకా ఆగాలి. ఒక్కో నాళికను అర నిమిషానికి మించి ఏకధాటిగా వెలిగించకుండా మధ్యలో విరామం ఇస్తే ఎక్కువకాలం మన్నుతుంది. పాదరసం నాళిక పగిలితే ఆ ఆవిరి విషం కాబట్టి దాన్ని పెద్దవాళ్లే పట్టుకోవాలి.

ఇక పుస్తకం. అందులో శక్తి స్థాయిలను సమాన ఎత్తుగల మెట్లుగా గీశారు. నేర్చుకునేవారి మనసులో మొదట ముద్రపడే బొమ్మ అదే, అదే తప్పు. హైడ్రోజన్‌లో మొదటి, రెండో స్థాయిల మధ్య 10.2 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తు ఉంటే, రెండు, మూడు మధ్య 1.89, మూడు, నాలుగు మధ్య 0.66 మాత్రమే. పైకి పోయేకొద్దీ స్థాయిలు దగ్గరవుతూ చివరికి సున్నా శక్తి వద్ద కలిసిపోతాయి, ఆ సున్నా దాటితే ఎలక్ట్రాన్ పరమాణువు నుంచి విడిపోతుంది. మెట్లు సమానమైతే రెండో స్థాయికి దిగే గీతల శక్తులు ఒకటి, రెండు, మూడు రెట్లుగా పెరగాలి. నాళికలో కనిపించేది అది కాదు. ఎరుపు గీతకూ తర్వాతి గీతకూ మధ్య పెద్ద ఖాళీ, ఆ తర్వాత ఖాళీలు తగ్గుతూ ఊదా వైపు గీతలు ఒత్తుగా చేరి, కంటికి అందని 364.6 నానోమీటర్ల హద్దు వైపు సాగుతాయి. అంటే పుస్తకంలోని బొమ్మను అదే పెట్టెలోని నాళిక కాదంటోంది. ఒక్క బొమ్మను సరిగా గీసి ఉంటే, గీతల అమరికను చూసి స్థాయిల అమరికను ఊహించే అవకాశం విద్యార్థికి దక్కేది.

దీనికన్నా లోతైన పొరపాటు శోషణ దగ్గర ఉంది. నాళికలోని పరమాణువులు “కరెంటు ఇచ్చే కాంతిని పీల్చుకుని” తిరిగి వదులుతాయని పుస్తకం అంటుంది. నాళికలో నిజంగా జరిగేది వేరు. అధిక వోల్టేజి వల్ల వాయువులోని విడి ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని పరమాణువులను ఢీకొంటాయి, ఆ దెబ్బకు పరమాణువులోని ఎలక్ట్రాన్ పై స్థాయికి చేరుతుంది. ఈ రెండు మార్గాల మధ్య తేడాను అర్థం చేసుకోకపోతే శక్తి స్థాయిల సంగతే సగం అర్థం కానట్టు. 15 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వచ్చిన విడి ఎలక్ట్రాన్ తన శక్తిలోంచి 12.09 మాత్రమే ఇచ్చి హైడ్రోజన్‌ను మొదటి స్థాయి నుంచి మూడో స్థాయికి ఎక్కించి, మిగిలిన 2.91 ఎలక్ట్రాన్ వోల్టులతో తన దారిన తాను పోగలదు. ఫోటాన్‌కు ఆ వెసులుబాటు లేదు. అది తన శక్తినంతా ఒక్కసారిగా ఇవ్వాలి. ఆ శక్తి ఏదో ఒక తేడాకు సరిపోతే పరమాణువు దాన్ని గ్రహిస్తుంది, సరిపోకపోతే వదిలేస్తుంది. 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన ఫోటాన్ అయితే ఎలక్ట్రాన్‌ను పూర్తిగా బయటికి నెట్టివేయవచ్చు, మిగిలిన శక్తి ఆ ఎలక్ట్రాన్ వేగంగా మారుతుంది. ఢీకొట్టే ఎలక్ట్రాన్ల మార్గాన్ని 1914లో జేమ్స్ ఫ్రాంక్, గుస్తావ్ హెర్ట్జ్ పాదరసపు ఆవిరిలో ప్రయోగం చేసి చూపించారు. ఎలక్ట్రాన్ల శక్తి 4.9 ఎలక్ట్రాన్ వోల్టులు చేరేవరకు పాదరస పరమాణువులు వాటి నుంచి శక్తిని పుచ్చుకోలేదు, చేరిన వెంటనే పుచ్చుకుని 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని వదిలాయి. 1240ని 4.9తో భాగించి చూడండి. ఆ పని 1925 సంవత్సరపు నోబెల్ బహుమతి తెచ్చింది. పెట్టెలో పాదరసం నాళిక పెట్టిన తయారీదారు ఈ ముచ్చట రాయకపోవడం బాధాకరం.

ఆ పొరపాటు పర్యవసానం ఒక అసాధ్యమైన ప్రయోగంగా తేలింది. హైడ్రోజన్ నాళికను ఆర్పేసి, దాని గుండా తెల్లని దీపాన్ని చూస్తే నల్లని గీతలు కనిపిస్తాయని పుస్తకం హామీ ఇస్తుంది. ఎంతసేపు చూసినా కనిపించవు, కనిపించకూడదు కూడా. గది ఉష్ణోగ్రత వద్ద ఉన్న హైడ్రోజన్ అంతా మొదటి స్థాయిలోనే ఉంటుంది. అక్కడి నుంచి లేవాలంటే కనీసం 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, కంటికి కనిపించే ఏ ఫోటాన్‌కూ అంత శక్తి లేదు. పైగా నాళికలో ఉన్నది విడి పరమాణువులు కాదు, అణువులు. 656.3 నానోమీటర్ల కాంతిని గ్రహించాలంటే ముందే రెండో స్థాయిలో ఉన్న పరమాణువు కావాలి. సుమారు 5,800 కెల్విన్ల వేడిలో ఉన్న సూర్యుని ఉపరితలంలో కూడా అలాంటి హైడ్రోజన్ పరమాణువులు సుమారు 20 కోట్లలో ఒకటి మాత్రమే. అక్కడ హైడ్రోజన్ అంత విస్తారంగా ఉంది కాబట్టే ఆ ఒక్కటీ సరిపోయి సూర్యకాంతిలో నల్లని గీత పడుతోంది. పుస్తకాన్ని నమ్మి ప్రయత్నించిన విద్యార్థి తన కంటిని, చేతిని తప్పుపట్టుకుంటాడు. ఇది చిన్న విషయం కాదు.

మెరిసే రేకు మాత్రం మంచి ఎంపిక. చీకటిలో ఎరుపు ఎల్ఈడీని రేకు మీద ఎంతసేపు ఆనించి ఉంచినా గుర్తు పడదు, ఆకుపచ్చదీ అంతే. ఊదా ఎల్ఈడీతో ఒక్కసారి గీస్తే ఆకుపచ్చగా వెలిగే గీత నిలుస్తుంది. కాంతి ఎంత ఎక్కువ పడిందన్నది కాదు, ఒక్కో ఫోటాన్ ఎంత శక్తిని మోసుకొచ్చిందన్నది లెక్క అని ఇంత సూటిగా చూపించే ప్రయోగం మరొకటి లేదు. ఊదా వెలుగు ఇచ్చిన శక్తిలో కొంత రేకులోనే వేడిగా మిగిలిపోతుంది కాబట్టి బయటికి వచ్చేది తక్కువ శక్తిగల ఆకుపచ్చ. అయితే ఇది విడి పరమాణువుల కథ కాదు. ఘన స్ఫటికంలో శక్తి స్థాయిలు పట్టీలుగా విస్తరిస్తాయి, ఎలక్ట్రాన్లు మధ్యలో చిక్కుకుపోయి నెమ్మదిగా విడుదల అవుతాయి. నాళికలోని పరమాణువు సాధారణంగా సెకనులో పది కోట్లవ వంతు వ్యవధిలో కాంతిని వదిలేస్తే, రేకు నిమిషాల తరబడి వెలగడానికి కారణం అదే. స్పెక్ట్రోస్కోపుతో రేకును చూస్తే గీతలకు బదులు ఒక వెడల్పాటి ఆకుపచ్చ పట్టీ కనిపించి ఈ తేడాను రుజువు చేస్తుంది. పుస్తకం రెండింటినీ ఒకే గాటన కట్టింది.

పరమాణు శోషణను ఈ కిట్‌తోనే చూడాలంటే దారి ఉంది, అది పుస్తకంలో లేదు. పగటిపూట స్పెక్ట్రోస్కోపును సూర్యుడికి దూరంగా, ప్రకాశవంతమైన ఆకాశం వైపు తిప్పాలి. సూర్యుడి వైపు ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకూడదు, కంటికి శాశ్వతమైన హాని జరుగుతుంది. రంగుల పట్టీ మధ్యలో సన్నని నల్లని గీతలు కొన్ని కనిపిస్తాయి. ఇవి 1814లో ఫ్రౌన్‌హోఫర్ గుర్తించి జాబితా వేసినవి, 1859లో కిర్కాఫ్ కారణం చెప్పినవి. ఈ పరికరం చీలిక వెడల్పు ఎక్కువ కాబట్టి 589 దగ్గరి సోడియం గీత, 486 దగ్గరి హైడ్రోజన్ గీత మాత్రమే మసకగా చిక్కుతాయి. ఆ 486 దగ్గర కాస్త ఆగాలి. నాళికలో వెలుగు గీత నిలిచిన చోటే, స్కేలు మీద అదే అంకె వద్ద, ఇక్కడ చీకటి గీత ఉంటుంది. ఒకచోట నాలుగో స్థాయి నుంచి రెండుకు దిగిన ఎలక్ట్రాన్లు, మరోచోట రెండు నుంచి నాలుగుకు ఎక్కిన ఎలక్ట్రాన్లు. ఎక్కినవి మళ్లీ దిగి కాంతిని వదులుతాయి కదా, గీత నల్లగా ఎందుకుండాలని అడిగేవారుంటారు. వదిలిన కాంతి వచ్చిన దారినే సాగదు, అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. మన వైపు వచ్చే వాటా తగ్గడం వల్ల ఆ చోటు చీకటిగా కనిపిస్తుంది. ప్రయోగశాలలో సోడియం దీపం ఉన్నవారు దాని ఎదుట ఉప్పు చల్లిన మంటను పెట్టి, వెనక తెర మీద ఆ మంటకు నల్లని నీడ పడటం కూడా చూడవచ్చు.

పదో తరగతి దాటిన విద్యార్థులకు, భౌతిక రసాయన శాస్త్రాలు బోధించేవారికి ఈ కిట్‌ను సిఫారసు చేస్తాను, అయితే పెద్దవారి పర్యవేక్షణ ఉండాలి, సూచనల పుస్తకాన్ని పక్కన పెట్టాలి. స్పెక్ట్రోస్కోపు ఒక్కటే కొనుక్కోవాలనుకునేవారికి అదీ మంచి నిర్ణయమే, ఎందుకంటే ఆకాశం, ఫ్లోరసెంట్ దీపంలోని పాదరసపు గీతలు, ఎల్ఈడీ బల్బుల వెడల్పాటి పట్టీలు స్టాండు లేకుండానే చూడవచ్చు. మొత్తం కిట్ తీసుకునేవారు విడిగా అమ్మే హైడ్రోజన్ నాళికను ఇంకొకటి చేర్చుకోవడం మేలు. వాడే కొద్దీ దానిలోని హైడ్రోజన్ తగ్గి వెలుగు పాలిపోతుంది, గీతలు మసకబారుతాయి, ఎక్కువగా చూడాలనిపించేది కూడా ఆ నాళికనే.